వియత్నాంలో టీచర్‌గా కుదురుకోవడం ఎలా? ఆఫర్ లెటర్ నుంచి మొదటి తెత్ దాకా

హనోయిలోనో హో చి మిన్ సిటీలోనో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం వచ్చిందనగానే మనవాళ్లు అడిగేవి రెండు: జీతం ఎంత, అక్కడ తిండి ఎలా? రెండూ ముఖ్యమే, జీతం గురించి అడగాల్సినవీ తిండి సంగతీ కింద రాశాను. కానీ అక్కడ ఏడాది నిలబడతారా, మూడు నెలలకే తిరుగు టికెట్ వెతుక్కుంటారా అన్నది తేల్చే విషయం వేరే ఉంది. వియత్నాం సమాజంలో ప్రతి మనిషికీ వరసలో ఒక చోటు ఉంటుంది. టీచర్‌ది పెద్ద చోటు. మీరు పరాయి దేశం నుంచి వచ్చినా ఆ చోటు మీకు ముందే ఇచ్చేస్తారు. దాన్ని నిలబెట్టుకుంటే ఇల్లు, ఆఫీసు, బజారు అన్నీ ఒక్కొక్కటిగా సులువవుతాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఆ సంగతికే ఎక్కువ జాగా ఇచ్చాను.

1. బయల్దేరే ముందు: కాగితాలు

వర్క్ పర్మిట్ లేకుండా పాఠం చెప్పడం అక్కడ చట్టవిరుద్ధం. "ముందు టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, మిగతాది తర్వాత చూసుకుందాం" అనే ఏజెంట్‌తో మాట అక్కడే ఆపేయండి. 90 రోజుల ఈ-వీసా ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి అలా చెబుతారు. పట్టుబడితే జరిమానా కట్టేదీ, దేశం వదిలి రావాల్సిందీ మీరే.

మామూలుగా అడిగేవి ఇవి: డిగ్రీ, ఇంగ్లీష్ బోధనకు సంబంధించిన సర్టిఫికెట్ (టెఫెల్, టీసాల్, సెల్టా లాంటిది), పోలీస్ క్లియరెన్స్, హెల్త్ చెకప్. బీఈడీ ఉన్నా విడిగా సర్టిఫికెట్ అడిగే చోట్లున్నాయి. మన డిగ్రీ ఉన్నది ఉన్నట్టుగా అక్కడ చెల్లదు. రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర కావాలి. దాని మీద ఢిల్లీలోని వియత్నాం ఎంబసీ ముద్ర కూడా ఉండాలా అన్నది స్కూల్ హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఆ పైన అక్కడ వియత్నామీస్ అనువాదం, నోటరీ ఉంటాయి. ఇక్కడి పని ఇక్కడే ముగించుకుని విమానం ఎక్కండి. అక్కడికి వెళ్లాక ఒరిజినల్ డిగ్రీని కొరియర్‌లో వెనక్కి పంపి, ఇంట్లోవాళ్లను ఆఫీసుల చుట్టూ తిప్పడం మామూలు టెన్షన్ కాదు.

వర్క్ పర్మిట్ గరిష్ఠంగా రెండేళ్లకు ఇస్తారు. దాని ఆధారంగా తాత్కాలిక నివాస కార్డు వస్తుంది. కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు తప్పక అడగండి. జీతం నెలవారీనా, గంటల లెక్కా? తెత్ (అక్కడి కొత్త సంవత్సరం) సెలవులకూ వేసవికీ డబ్బు ఇస్తారా? టాక్స్ ఎవరు కడతారు? ఏడాదిలో 183 రోజులు దాటి ఉంటే శ్లాబుల ప్రకారం 5 నుంచి 35 శాతం పడుతుంది, అంతకన్నా తక్కువ ఉంటే జీతం మీద నేరుగా 20 శాతం.

ఒక కష్టమైన విషయం కూడా ఇక్కడే చెప్పాలి. "నేటివ్ స్పీకర్స్ మాత్రమే" అని రాసిన ప్రకటనలు చాలా కనిపిస్తాయి. దాని వెనక చాలాసార్లు ఉండేది తల్లిదండ్రులు తెల్ల ముఖం కోరుకుంటారన్న లెక్క. ఇది అన్యాయం, మన తప్పేమీ లేదు. అలాంటి చోట బతిమాలకండి. డెమో క్లాస్ ఇస్తామనే సంస్థలను ఎంచుకోండి. పిల్లల చేత మాట్లాడించగల టీచర్‌ని డెమోలో చూసినవాళ్లు పాస్‌పోర్ట్ రంగు గురించి తర్వాత పెద్దగా మాట్లాడరు.

2. ఏ రకం స్కూల్, ఏ ఊరు

ప్రభుత్వ బడుల్లో క్లాసుకు నలభై మంది దాకా, ఒక్కోసారి అంతకు మించీ ఉంటారు. ఉదయం ఏడింటి ప్రాంతంలోనే మొదలవుతుంది. చేతిలో మైక్ పట్టుకుని చెప్పాల్సి రావచ్చు. చాలా బడుల్లో గంటకు బదులు పెద్ద డోలు మోగుతుంది. లాంగ్వేజ్ సెంటర్లలో పది, ఇరవై మందే ఉంటారు, కానీ పని అంతా సాయంత్రాలూ శని ఆదివారాలే. అందరికీ సెలవైన రోజు మీకు పని రోజు కాబట్టి స్నేహితులు ఏర్పడటం ఆలస్యమవుతుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లకు మొదటి ఏడాది పగటి బడి మంచిదని నా అభిప్రాయం.

ఊరి సంగతికొస్తే, హనోయిలో నిజమైన చలికాలం ఉంటుంది. డిసెంబర్, జనవరిలో పది పదిహేను డిగ్రీలకు దిగుతుంది, ఇళ్లలో హీటర్లు తక్కువ. ఫిబ్రవరి దాటాక గోడలూ నేలా చెమ్మ పట్టి, ఉతికిన బట్టలు రోజుల తరబడి ఆరవు. స్వెటర్ మన దగ్గరే కొనుక్కు వెళ్లండి. దక్షిణాన హో చి మిన్ సిటీ ఏడాదంతా విజయవాడలా వెచ్చగానే ఉంటుంది, మే నుంచి నవంబర్ దాకా సాయంత్రపు వానలు. అక్కడ బెన్ థాన్ మార్కెట్ దగ్గర్లో తమిళులు కట్టిన మారియమ్మన్ గుడి ఉంది, స్థానిక వియత్నామీయులు కూడా వచ్చి అగరొత్తులు వెలిగిస్తారు. ఇంటి మీద బెంగ పుట్టిన రోజున పనికొచ్చే చోటు.

3. మొదటి వారం

ఇంటి ఓనర్ మీ పాస్‌పోర్ట్ ఫొటో అడుగుతారు. కంగారు పడకండి, పోలీసుల దగ్గర మీ తాత్కాలిక నివాసం నమోదు చేయించడం వాళ్ల బాధ్యత. అడగని ఓనర్ దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. ఆ నమోదు లేకపోతే తర్వాత మీ నివాస కార్డు పని ఆగిపోతుంది.

అడ్రసులో 45/12 అని ఉంటే 45 నంబరు దగ్గర మొదలయ్యే సందులో 12వ ఇల్లు. ఇంకో గీత ఉంటే సందులో సందు. 2025 జూలై 1 నుంచి జిల్లా స్థాయి పాలన తీసేశారు, 63 ప్రావిన్సులను 34 చేశారు. కాగితాల మీద కొత్త వార్డు పేరు ఉంటుంది, మనుషులు మాత్రం ఇంకా పాత జిల్లా పేరే చెబుతారు. రెండూ ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

డబ్బు విషయంలో ఒక్కటే జాగ్రత్త. అక్కడి కరెన్సీ డాంగ్‌లో 20,000 నోటూ 5,00,000 నోటూ రెండూ నీలమే. మసక వెలుతురులో టాక్సీవాడికి ఒకటి అనుకుని ఇంకొకటి ఇచ్చేస్తారు. పెద్ద నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకోండి. లక్ష డాంగ్ అంటే మన మూడు వందల పైచిలుకు రూపాయలు. మెనూలో 50 అని ఉంటే యాభై వేలు, మూడు సున్నాలు రాయరు.

రోడ్డు మీద బళ్లు కుడివైపు నడుస్తాయి. దాటేటప్పుడు ఖాళీ కోసం ఎదురుచూస్తే సాయంత్రమవుతుంది. ఒకే వేగంతో, నెమ్మదిగా, ఆగకుండా నడవండి, బళ్లే మీ చుట్టూ తప్పుకుంటాయి. మధ్యలో ఆగిపోవడం, వెనక్కి పరిగెత్తడం ప్రమాదం. బైక్ నడపాలంటే తొందరపడకండి. వియత్నాం గుర్తించేది 1968 నాటి వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన ఇంటర్నేషనల్ పర్మిట్‌ని. మీ దగ్గరున్నది ఏ ఒప్పందం కిందదో దాని మీదే ఉంటుంది, చూసుకోండి. లైసెన్స్ అక్కడిది వచ్చేదాకా గ్రాబ్ (యాప్‌లో పిలిచే బైక్ టాక్సీ) చాలు. 2025 జనవరి నుంచి జరిమానాలు బాగా పెంచారు, టూవీలర్ మీద రెడ్ లైట్ దాటితే 40 నుంచి 60 లక్షల డాంగ్, అంటే మన పన్నెండు వేల రూపాయలకు పైనే. మద్యం చుక్క పడినా బండి తీయకూడదు, అక్కడ అనుమతించిన పరిమితి అంటూ ఏదీ లేదు.

4. "మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?"

పరిచయమైన రెండో నిమిషంలో ఈ ప్రశ్న వస్తుంది. మూడో నిమిషంలో పెళ్లి గురించి. ఇంగ్లీష్ దేశాల టీచర్లు దీనికి నొచ్చుకుంటారు. మనకు అంత ఇబ్బంది ఉండకూడదు, రైల్లో పక్క సీటు పెద్దాయన అడిగేవి ఇవే కదా. కానీ అక్కడ ఇది ఊసుపోక అడిగేది కాదు. వయసు తెలియకపోతే వాళ్లు మీతో వాక్యమే మొదలుపెట్టలేరు.

వియత్నామీస్‌లో నువ్వు, నేను అనే చోట ఎక్కువగా వరసలే వాడతారు. కాస్త పెద్ద మగవాడు అన్, పెద్ద ఆడమనిషి చి, చిన్నవాళ్లు ఎమ్. నాన్న కన్నా చిన్నవాడు చూ, పెద్దవాడు బాక్. బాబాయి, పెదనాన్న అని విడివిడిగా పిలిచే ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ పద్ధతి ఒక్క వారంలో పట్టుబడుతుంది. టీచర్‌కు మాత్రం వయసుతో పని లేదు. మగ టీచర్ థాయ్, ఆడ టీచర్ కో. ఇరవై మూడేళ్ల అమ్మాయి పాఠం చెబుతున్నా, యాభై ఏళ్ల తండ్రి ఆమెను కో అనే పిలుస్తాడు. క్లాసులో టీచర్ తన గురించి చెప్పేటప్పుడు కూడా "నేను" అనకుండా "థాయ్ ఇప్పుడు బోర్డు మీద రాస్తాడు" అన్నట్టే మాట్లాడతారు, పసివాడితో "అమ్మ వస్తుంది" అన్నట్టు.

మీరు చేయాల్సింది: పుట్టిన సంవత్సరం చెప్పండి, అవతలివాళ్లదీ అడగండి. పెళ్లి కాకపోతే "లేదు" అనకుండా "ఇంకా లేదు" అనండి, అక్కడ మర్యాదైన జవాబు అదే. పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, పిలిచేది చివరి పేరుతో. సగం క్లాసు న్గుయెన్‌లే అయి ఉండొచ్చు, అందుకే ఆ పేరుతో ఎవరినీ పిలవరు.

శరీరం మాట్లాడే భాష కూడా చూసుకోవాలి. మనం "సరే" అని తల అటూ ఇటూ ఊపితే వాళ్లకు అది "కాదు". మొదటి నెల నోటితో కూడా చెప్పండి. పిలిచేటప్పుడు అరచేయి కిందికి పెట్టి వేళ్లు ఊపాలి, పైకి పెట్టి ఒక వేలితో పిలవడం అవమానం. ఏదైనా ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు రెండు చేతులూ వాడండి. మధ్యవేలు చూపుడువేలు మీద మెలివేసి శుభం కోరే సైగ అస్సలు చేయకండి, అక్కడ అది బూతు.

5. క్లాసులో

చాలా బడుల గోడల మీద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం రాసి ఉంటుంది. ముందు మర్యాద, ఆ తర్వాతే చదువు అని దాని అర్థం. చిన్నపిల్లలు మీ ముందు ఆగి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, కాస్త వంగి నమస్కారం చెబుతారు. నవ్వుతూ తిరిగి పలకరించండి. ఫొటో తీసుకోవాల్సిన వింతలా చూడకండి, అది వాళ్ల రోజువారీ మర్యాద.

ఇంత గౌరవం ఉన్న క్లాసు నిశ్శబ్దంగా కూడా ఉంటుంది. మొదటిసారి వెళ్లినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఏడో తరగతి అనుకోండి. "అర్థమైందా?" అంటే నలభై గొంతులు "యస్ టీచర్". మూడో బెంచీ కుర్రాడిని లేపి ఒక ప్రశ్న వేస్తారు. వాడు లేస్తాడు, నవ్వుతాడు, నేల చూస్తాడు. మళ్లీ అడిగితే ఇంకా నవ్వుతాడు. మన క్లాసులో అయితే అది పొగరు, "ఏంటా నవ్వు?" అని అరుస్తాం. అక్కడ ఆ నవ్వు సిగ్గుకీ ఇబ్బందికీ గుర్తు. తప్పు చెబితే అందరి ముందూ పరువు పోతుందని వాడి భయం. అరిస్తే వాడొక్కడే కాదు, క్లాసంతా మీ దగ్గర నోరు మూసుకుంటుంది. పైగా కోపం అదుపు తప్పిన టీచర్ పరువు కూడా ఆ నిమిషంలోనే తగ్గుతుంది.

దీనికి మందు చిన్నదే. ప్రశ్న వేశాక పక్కవాడితో రెండు నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. తర్వాత జవాబు జట్టు పేరున అడగండి. "మూడో జట్టు ఏమనుకుంటోంది?" అంటే తప్పు ఎవరి ఒక్కరిదీ కాదు కాబట్టి చేతులు లేస్తాయి. క్లాస్ లీడర్‌ని మంచి చేసుకోండి, ఆ పిల్లకో పిల్లాడికో ఉన్న అధికారం మన లీడర్ల కన్నా ఎక్కువ. అల్లరి పిల్లవాడి సంగతి క్లాసయ్యాక విడిగా, అదీ హోమ్‌రూమ్ టీచర్ (మన క్లాస్ టీచర్ లాంటివారు) ద్వారా మాట్లాడండి. తల్లిదండ్రులతో రోజూ జాలో (వాట్సాప్ లాంటి అక్కడి యాప్) గ్రూపులో మాట్లాడేది ఆవిడే. చేయి చేసుకోవడం, గోడకుర్చీ వేయించడం ఆలోచన కూడా వద్దు.

ఉచ్చారణ గురించి కాస్త విడమర్చి చెప్పాలి, ఎందుకంటే తెలుగు టీచర్ ఇక్కడ నిజంగా ఉపయోగపడగలరు. వియత్నామీస్ పదాల చివర స లాంటి ధ్వని రాదు. చివరి క, ట, ప లను గొంతులోనే ఆపేస్తారు. అందుకే నైస్, నైన్, నైట్ మూడూ వాళ్ల నోట ఇంచుమించు "నై" అయిపోతాయి. మనది సరిగ్గా ఎదురు జబ్బు: బస్ కి సున్నితంగా ఒక ఉకారం తగిలించి బస్సు చేస్తాం. వాళ్లు మింగేస్తారు, మనం సాగదీస్తాం. కాబట్టి ముందు మీ గొంతు రికార్డ్ చేసుకుని చివరి హల్లు దగ్గర ఆగడం సాధన చేయండి. క్లాసులో పదం చివరి ధ్వనికి ఒక సైగ పెట్టుకోండి, స కి వేలితో గాలిలో పాములా గీత, ట కి చిటిక. నోటితో సరిదిద్దకుండా సైగ ఒక్కటి చూపిస్తే పిల్లవాడు తనే దిద్దుకుంటాడు, పరువు మాటే రాదు. ఇంగ్లీష్ వి, డబ్ల్యూ తేడా కూడా మనం చూసుకోవాలి. పిల్లలు మిమ్మల్ని ఉన్నదున్నట్టు అనుకరిస్తారు.

6. స్టాఫ్‌రూమ్

పన్నెండు కొట్టగానే లైట్లు ఆరిపోతాయి. టీచర్లు మడత మంచాలు విప్పుకునో, బల్ల మీద తల వాల్చో పడుకుంటారు. ప్రైమరీలో పిల్లలు క్లాసుల్లోనే చాపలు పరుచుకుని నిద్రపోతారు. ఆ గంటన్నరలో ఫోన్ మాట్లాడటం, ప్రింటర్ నడపడం, ఎవరినైనా పని అడగడం చేయకండి. మీరూ పడుకోండి, రెండు వారాల్లో అలవాటైపోతుంది.

మీ టీచింగ్ అసిస్టెంట్ ఎక్కువగా కాలేజీ చదువుతున్న అమ్మాయో అబ్బాయో అయి ఉంటారు. హోదాలో మీ కింద, కానీ క్లాసు గురించి మీకన్నా ఎక్కువ తెలిసిన మనిషి. పాఠం ప్లాన్ ముందు రోజే పంపండి. పిల్లల ముందు వాళ్ల ఇంగ్లీష్ దిద్దకండి.

మీ పని మీద ఫిర్యాదు ఉంటే ప్రిన్సిపల్ నేరుగా చెప్పరు. అసిస్టెంట్ వచ్చి "తల్లిదండ్రులకు ఆటలు ఇంకొంచెం ఎక్కువుంటే బావుంటుందేమో" అంటుంది. అది సలహాలా వినిపించినా నిర్ణయం అయిపోయిందనే లెక్క. మరుసటి క్లాసులోనే మార్చండి. మీకు ఇబ్బంది ఉన్నా ఇదే దారి: మీటింగ్‌లో అందరి ముందూ అడగకుండా, నమ్మకమైన ఒక సీనియర్ టీచర్ చెవిన వేయండి. రేపటి టైమ్‌టేబుల్ ఈ రాత్రి మారిందని మెసేజ్ వస్తుంది. ఇది మామూలే, దీని మీద పోట్లాడి లాభం లేదు. జీతం, పర్మిట్ గురించి మాత్రం మొహమాటం లేకుండా, మెత్తగా, రాతలో అడుగుతూనే ఉండండి.

అందరూ కలిసి తినేటప్పుడు పెద్దవాళ్లను "తినండి" అని ఆహ్వానించాకే మొదలుపెట్టాలి. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, అది పోయినవాళ్ల ముందు పెట్టే అగరొత్తుల్లా ఉంటుంది. తాగనివాళ్లు టీ గ్లాసు ఎత్తినా సరిపోతుంది. గ్లాసులు తాకించేటప్పుడు మీ అంచు పెద్దవాళ్ల గ్లాసు అంచు కన్నా కాస్త కిందుండాలి.

7. తిండి

బోర్డు మీద "చాయ్" అని పలికే మాట కనిపిస్తే అది శాకాహార హోటల్. చాంద్రమాన నెలలో మొదటి రోజూ పౌర్ణమి రోజూ చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో మామూలు హోటళ్లలో కూడా శాకాహారం దొరుకుతుంది. "తోయ్ అన్ చాయ్" అంటే నేను శాకాహారిని. అయినా చేపల సాస్ సంగతి విడిగా చెప్పాలి, కూరగాయల వేపుడులో కూడా వేస్తారు. "ఖోం నుఅక్ మామ్" అనండి.

మాంసం తినేవాళ్లు నేర్చుకోవాల్సినవి: బో గొడ్డుమాంసం, గా కోడి, కా చేప, తోమ్ రొయ్య, పంది దక్షిణాన హెవ్, ఉత్తరాన లొన్. గొడ్డుమాంసం తినని వాళ్లు ఫో అనే నూడుల్స్ సూప్ దగ్గర "గా" అని తప్పక చెప్పాలి. అక్కడ రోజూ తినే రౌ మూంగ్ మన తూటికూరే, వెల్లుల్లితో వేయించి ఇస్తారు. పొద్దున్నే బండి మీద అమ్మే పెసరపప్పు కలిపిన జిగురన్నం మనవాళ్లకు త్వరగా నచ్చుతుంది. చింతపండు, కొత్తిమీర, పచ్చిమిర్చి కొరత లేదు. కరివేపాకు, ఇంగువ, ఆవకాయ, కాస్త కందిపప్పు మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్లండి. రైస్ కుక్కర్ అక్కడే కొనండి.

8. నవంబర్ 20, ఆ తర్వాత తెత్

మనకు గురుపూజోత్సవమైన సెప్టెంబర్ 5న అక్కడ బడులు తెరిచే వేడుక జరుగుతుంది. వాళ్ల టీచర్స్ డే నవంబర్ 20, 1982 నుంచి అధికారికంగా జరుపుతున్నారు. ఆ రోజు మామూలు బట్టల్లో వెళ్లకండి. చీర కట్టుకుంటే మరీ మంచిది, తోటి టీచర్లంతా ఆవ్ జాయ్ అనే సంప్రదాయ దుస్తుల్లో వస్తారు. పూలు, కార్డులు రెండు చేతులతో తీసుకోండి. కవర్లో డబ్బు పెట్టి ఇచ్చే తల్లిదండ్రులు కూడా ఉంటారు. తీసుకోవచ్చా లేదా అని ముందే స్కూల్లో అడిగి, వాళ్లు చెప్పినట్టు చేయండి. ఆ వారంలో పాత విద్యార్థులు తమ టీచర్లను చూడటానికి రావడం గమనించండి, ఆ బడిలో ఎవరి మాటకు ఎంత విలువుందో తెలుస్తుంది.

తెత్ వాళ్ల కొత్త సంవత్సరం. మన ఉగాదిలాగే చంద్రుడి లెక్క, కాకపోతే జనవరి చివరికో ఫిబ్రవరిలోనో వస్తుంది. 2027లో ఫిబ్రవరి 6న. రెండు నెలల ముందే టికెట్లు కొనకపోతే రేట్లు అందవు. పండగ రోజుల్లో చిన్న హోటళ్లూ దుకాణాలూ మూసేస్తారు, కాబట్టి ఊళ్లో ఉండేవాళ్లు ముందే బియ్యం, కూరలు, ఏటీఎం డబ్బు చూసుకోవాలి. గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లకు ఆ నెల ఆదాయం సగానికి పడిపోవచ్చు.

మొదటి రోజు పిలవకుండా ఎవరింటికీ వెళ్లకండి. ఆ ఏడాది ఇంటి అదృష్టం మొదట గడప దాటిన మనిషిని బట్టి ఉంటుందని నమ్ముతారు, అందుకే ఆ మనిషిని ముందే ఎంచుకుని పెట్టుకుంటారు. చిన్న ఎర్ర కవర్లు ఒక కట్ట కొని, కొత్త నోట్లు పెట్టుకోండి. 10,000, 20,000 చాలు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలు, అసిస్టెంట్ చెల్లెలు, ఎదురింటి పాప, ఎదురైన ప్రతి చిన్న పిల్లకూ ఇవ్వండి.

మొదటి రోజు తండ్రివైపు వాళ్లకు, రెండోది తల్లివైపు వాళ్లకు, మూడోది గురువుకు అని వాళ్ల సామెత. మూడో రోజు మీ విద్యార్థి ఇంటి నుంచి పిలుపు వస్తే తప్పక వెళ్లండి. తెలుపు, నలుపు బట్టలు వద్దు. పండ్లో స్వీట్ డబ్బానో తీసుకెళ్లండి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, ముందు తాత నానమ్మలను పలకరించి, "చుక్ మూంగ్ నమ్ మొయ్" అని శుభాకాంక్షలు చెప్పండి. తినమన్నవి కొంచెమైనా రుచి చూడండి. శాకాహారులైతే ఆ సంగతి పిల్లవాడి తల్లికి జాలోలో ముందు రోజే మెసేజ్ పెట్టేయండి, లేకపోతే పంది మాంసం కూరిన పండగ బియ్యపు కేక్ మీ ప్లేట్‌లోకే మొదట వస్తుంది.